తెర మీద డ్రైవ్, ప్యానెల్‌లో డ్రైవ్

ఇండక్షన్ మోటారు వేగం దానికి అందే కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. నాలుగు పోల్స్ ఉన్న మోటారు 50 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 1,500 చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. ఆ ఫ్రీక్వెన్సీని కావలసినట్టు మార్చి ఇచ్చేదే డ్రైవ్. అది వచ్చిన ఏసీని డీసీగా మార్చి కెపాసిటర్లున్న డీసీ బస్‌లో నిలుపుతుంది. ఐజీబీటీ అనే సెమీకండక్టర్ స్విచ్‌లతో ఆ డీసీని సెకనుకు వేలసార్లు కోసి మళ్లీ మూడు ఫేజుల ఏసీగా మలుస్తుంది. మిల్లులో పంపు దగ్గర నుంచి సికింద్రాబాద్ లాలాగూడ షెడ్‌లోని డబ్ల్యూఏపీ-7 రైలింజన్ దాకా మూలసూత్రం ఇదే.

ఈ విద్యను లోతుగా నేర్చుకోవాలంటే ఒకప్పుడు ఉద్యోగం మానుకుని ఎంటెక్‌లో చేరాల్సివచ్చేది. ఇప్పుడు షిఫ్ట్ దిగి ఇంటికొచ్చాక చదువుకోవచ్చు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో బెంగళూరు ఐఐఎస్సీ ఆచార్యులు ఎల్. ఉమానంద్ పవర్ ఎలక్ట్రానిక్స్ పాఠాలు, డీసీని అలా కోసే పద్ధతి అయిన పల్స్ విడ్త్ మాడ్యులేషన్ మీద జి. నారాయణన్ పాఠాలు ఉన్నాయి. చూడటానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి.

చాలామందికి అడుగు తడబడేది వెక్టర్ కంట్రోల్ దగ్గర. డీసీ మోటారులో అయస్కాంత క్షేత్రానికి ఒక కరెంటు, టార్క్‌కు మరొక కరెంటు విడివిడిగా అందుతాయి. ఇండక్షన్ మోటారులో రెండూ అవే మూడు తీగల్లో కలగలిసి వస్తాయి. వాటిని విడదీసే పద్ధతిని 1970ల మొదట్లో సీమెన్స్ ఇంజినీరు ఫెలిక్స్ బ్లాష్కే రూపొందించాడు. తిరిగే క్షేత్రంతో పాటు మనమూ తిరుగుతూ చూస్తే ఊగిసలాడే కరెంట్లు రెండు నిలకడైన సంఖ్యలుగా కనిపిస్తాయి. ఒకటి క్షేత్రానిది, రెండోది టార్క్‌ది. దీన్ని మాట్రిక్స్‌గా బట్టీ పడితే వారం తిరగకముందే మరుపొస్తుంది. వీడియో ఆపి కాగితం తీసుకోవాలి. మొదటి ఫేజులో 10 ఆంపియర్లు, మిగతా రెండింటిలో మైనస్ 5 చొప్పున ఉన్న క్షణంలో ఆ మూడూ కలిసిన వెక్టర్ ఎటు చూస్తుందో, 90 డిగ్రీలు గడిచాక ఎటు తిరుగుతుందో గీసి చూడాలి. పొడవు మారకుండా దిశ ఒక్కటే మారిందని చేత్తో లెక్కేసి తెలుసుకున్నవారికి తర్వాతి పాఠాలు బరువనిపించవు.

పాఠం విన్నాక కంప్యూటర్‌లో చేసి చూసే సిమ్యులేషన్‌లో స్విచ్ అనుకున్న క్షణానే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అసలు ఐజీబీటీకి కొంత సమయం పడుతుంది. ఒకే ఫేజుకు చెందిన జత (లెగ్)లోని పై స్విచ్, కింది స్విచ్ కలిసి ఆన్ అయితే డీసీ బస్ షార్ట్ అవుతుంది. అందుకే రెండింటి మధ్య కొన్ని మైక్రోసెకన్ల డెడ్ టైమ్ వదులుతారు. తక్కువ వేగంలో మోటారు వోల్టేజీని వంకర చేసేది కూడా ఆ విరామమే.

ప్లాంటులో పనిచేసేవారికి ఈ చదువులో ఒక పెద్ద అనుకూలత ఉంది. మోటారును వేగంగా ఆపబోతే డ్రైవ్ ఓవర్ వోల్టేజ్ చూపించి ట్రిప్ కావడం వారు కళ్లారా చూసి ఉంటారు. ఆగబోయే మోటారు జనరేటర్‌గా మారి శక్తిని డీసీ బస్‌లోకి తిప్పి పంపుతుందని పాఠంలో వినగానే, ఆగే సమయాన్ని పెంచితే లేదా బ్రేకింగ్ రెసిస్టర్ పెడితే ట్రిప్ ఎందుకు పోతుందో అర్థమవుతుంది. యంత్రం దగ్గర పుట్టిన ప్రశ్నకు పాఠంలో జవాబు దొరికినప్పుడే ఈ విద్య ఒంటబడుతుంది. ప్రతి ట్రిప్‌ను, అప్పటి లోడును నోటుపుస్తకంలో రాసుకుని పాఠానికి కూర్చోవడం మంచిది.

డ్రైవ్ అందుబాటులో లేనివారు 24 వోల్టుల చిన్న మోటారు, కంట్రోల్ బోర్డుతో మొదలుపెట్టాలి. 415 వోల్టుల డ్రైవ్‌లో డీసీ బస్ దాదాపు 585 వోల్టులు ఉంటుంది, మెయిన్ ఆపాక కూడా కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది. మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, మీటరుతో కొలిచి, అనుభవజ్ఞులు పక్కన ఉన్నప్పుడే ఆ ప్యానెల్‌లో చేయి పెట్టాలి.