బొటనవేలి కింద 9 జతలు

మోండా మార్కెట్లో క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ పక్కపక్క గంపల్లోనే ఉంటాయి. మూడూ ఒకే జాతి. మూడింటికీ కణానికి 18, అంటే 9 జతల క్రోమోసోములు. కూరల సంచితో మారేడ్‌పల్లి ఇంటికి వచ్చేటప్పుడల్లా ఆ 9 జతలనూ విడివిడిగా గుర్తుపట్టిన చేతులే తలపుకొస్తాయి.

ఈ మూడూ చేరిన ఆవాల కుటుంబపు క్రోమోసోములు మరీ చిన్నవి, అన్నీ ఒక్క పోలికే. అందుకని జన్యుశాస్త్రజ్ఞులు వేరే దారి పట్టారు. మొక్కల్ని సంకరం చేసి, సంతానంలో ఏ జన్యువు దేనితో కలిసి వస్తోందో లెక్కగట్టి వరసలు పేర్చారు. అవే లింకేజి గ్రూపులు. అవీ 9 తేలాయి. మరి ఏ వరస ఏ క్రోమోసోముది? వరసకు తల ఏది, తోక ఏది? ఆ సంగతి లెక్కలకు అందదు. కంటితో చూడాల్సిందే.

చూడటం ఎంత సొగసైన పనో! వేరు కొనను మూడు పాళ్ల ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లంలో ఉంచుతారు. ఎంజైముతో కణాల గోడలు మెత్తబరుస్తారు. తక్కువైతే కణం విచ్చుకోదు, ఎక్కువైతే అంతా చెదిరిపోతుంది. కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ పేపరు, దానిపైన బొటనవేలు. వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా స్లైడు పాడే. వైద్యుడికే కాదు, దీనికీ హస్తవాసి ఉండాలి. ఆపైన, ఏ వరసలో ఎక్కడిదో తెలిసిన డీఎన్ఏ ముక్కకు మెరిసే రంగు తగిలించి స్లైడు మీద వేస్తారు. అది తన జోడీని వెతుక్కుని అతుక్కుంటుంది. నీలం క్రోమోసోము మీద ఎర్రచుక్క వెలుగుతుంది. క్యాబేజీ మొక్కల్లో ఒకే భాగానికి నకళ్లు తరచు మూడు చోట్ల ఉంటాయి కనుక చుక్క దారి తప్పే ప్రమాదమూ ఉంది.

2002లో బర్మింగ్‌హామ్‌లో ఎలైన్ హావెల్ బృందం చైనా కేల్ మొక్క మీద అలాంటి 22 మెరిసే ముక్కలతో (ప్రోబులతో) 9 వరసలకూ 9 క్రోమోసోములనూ జత కలిపింది. నాలుగు తమ వరసల దిక్కునే ఉన్నాయి, నాలుగు తలకిందులు, ఆరో క్రోమోసోము బహుశా తలకిందులు. ఆ ‘బహుశా’కు నేను చేతులెత్తి మొక్కుతాను!

ఏ మెరుపు రంగులూ లేని 1935లోనే ఊ నాగహారు ఆవాల 36 క్రోమోసోములు రెండు వేరు మొక్కల 20, 16 కలిసి వచ్చినవని తేల్చాడు. మనవాళ్లూ తక్కువేం కాదు. పి.బి. కీర్తి, ఎస్.బి. నరసింహులు 1992లో శ్యాంప్రకాశ్, చోప్రాలతో కలిసి ఆవాల కణాన్ని మోరికాండియా అనే అడవి మొక్క కణంతో ఏకం చేశారు. 36కు 28 కలిస్తే 64. అన్నిటిని లెక్కపెట్టాలంటే ఎంత నేర్పు! తర్వాత కీర్తిగారు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు.

ఇప్పుడో? యంత్రం చదివిన డీఎన్ఏ అక్షరాలను కంప్యూటరు పేర్చి ‘క్రోమోసోము 6’ అని ముద్ర కొడుతుంది. దాన్ని కళ్లారా చూసినవాడుండడు. నేను మైక్రోస్కోపు పక్షం, దాచుకోను. ఒక కాలేజీలో ఎమ్మెస్సీ రికార్డు తిరగేస్తే ఇంటర్నెట్ ఫొటో అతికించి ఉంది, దానికే మార్కులు వేసేశారు. ఉల్లివేరు కూడా కోయలేదట! కడుపు మండిపోయింది.

రిటైరైన వృక్షశాస్త్రం మాస్టర్లు ఈ జంట నగరాల్లో ఇంకా ఉన్నారు. వారానికొక పూట వాళ్లను పిలవండి. పిల్లల చేయి పట్టుకుని ఆ వేలు ఎలా నొక్కాలో చూపించనివ్వండి. ఉల్లిగడ్డ, కార్మైన్ రంగు, మూలనపడ్డ ఒక్క మైక్రోస్కోపు చాలు.