చెవికి ఆనించుకున్న పుస్తకం
ఒలౌడా ఎక్వియానో ఆత్మకథ మీద ఒక ఉపాధ్యాయుడి పరిశీలన

అట్లాంటిక్ వ్యాపారం పాఠం చెప్పేటప్పుడు మనం నల్లబల్ల మీద మూడు బాణాలు గీస్తాం. యూరప్ నుంచి ఆఫ్రికాకు బట్టలు, తుపాకులు, సారా. ఆఫ్రికా నుంచి అమెరికాకు మనుషులు. అమెరికా నుంచి యూరప్‌కు పంచదార, పొగాకు. నేనూ ఏళ్ల తరబడి అలాగే గీశాను. ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "ఆ రెండో బాణంలో పోయినోళ్లకి అక్కడ వంట ఎవరు చేసేవాళ్లు సార్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను, ఎందుకంటే నాకు జవాబు తెలియదు. బాణం గీయడం తెలుసు గానీ, బాణంలో ఉన్న మనిషి పొద్దున లేచి ఏం చేశాడో తెలియదు.

ఆ జవాబు వెతుక్కుంటూ పోతే దొరికిన పుస్తకం ఒలౌడా ఎక్వియానో జీవిత కథ. 1789లో లండన్‌లో చందాదారులను కూడగట్టుకుని ఆయనే అచ్చువేయించుకున్నాడు. ఆయన బతికుండగానే తొమ్మిది ముద్రణలు వచ్చాయి. పేరు పక్కనే 'స్వయంగా రాసినది' అని ముఖపత్రం మీద వేయించుకోవలసి వచ్చింది. ఒక నల్లమనిషి తన కథ తానే రాశాడంటే నమ్మని కాలం అది. పాత ఇంగ్లీషు, పొడుగు వాక్యాలు. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు వేసవి సెలవుల్లో చదివాను. మన యువకులు, తోటి ఉపాధ్యాయులు దీన్ని చదవాలని నా కోరిక. అయితే ఎలా చదవాలో కూడా మాట్లాడుకోవాలి.

ముందు కథ. తాను ఇగ్బో ప్రాంతంలో పుట్టానని, పదకొండేళ్ల వయసులో చెల్లెలితో పాటు తనను ఎత్తుకుపోయారని ఎక్వియానో రాశాడు. చేతులు మారి, ఓడెక్కి, బార్బడోస్ మీదుగా ఇంగ్లీషువాళ్ల వలస రాజ్యమైన వర్జీనియాకు చేరాడు. అక్కడి తోటలో గడ్డి పీకడం, రాళ్లు ఏరడం అతని పని. తన భాష తెలిసినవాడు ఒక్కడు లేడు. మిగతావాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు, తనకు మాత్రం మాట్లాడే మనిషి లేడు. దెబ్బల కన్నా ముందు ఈ మాటల్లేని తనాన్ని ఆయన బాధగా చెప్పుకున్నాడు. కోయ తప్ప మరో భాష రాకుండా తెలుగు బడిలో చేరిన నాలాంటివాడికి ఆ పేజీ అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేకపోయింది.

ఒకరోజు అతన్ని యజమాని ఇంట్లోకి పిలిచారు. ఆ వంటింట్లోనే మా క్లాసు పిల్ల ప్రశ్నకు జవాబు ఉంది. వంట చేసేది ఒక బానిస స్త్రీ. ఆమె మూతికి ఇనుప చిక్కం బిగించి ఉంది. మాట్లాడలేదు, తినలేదు, తాగలేదు. నూర్పిడప్పుడు ధాన్యం తినకుండా ఎద్దు మూతికి చిక్కం కడతారు కదా, ఆ పనే ఇనుముతో మనిషికి చేశారు. వండే అన్నం వండే మనిషి నోట్లోకి పోకూడదు. అదే ఇంట్లో గోడ మీద గడియారం, పక్కన ఒక పటం కనిపించాయి పిల్లవాడికి. గడియారం తాను చేసే తప్పులన్నీ యజమానికి చెబుతుందనుకున్నాడు. పటంలోని మనిషి తననే చూస్తున్నాడని హడలిపోయాడు. ఇనుప చిక్కం, గడియారం, పటం మూడూ ఒకే పేజీలో వస్తాయి. భయం ఏయే వస్తువుల్లోంచి మనిషిలోకి దిగుతుందో చెప్పడానికి ఆయన పెద్ద మాటలేవీ వాడలేదు. ఈ పుస్తకం బలం ఇదే.

పేర్ల సంగతీ అంతే. ఓడలో మైఖేల్ అన్నారు, వర్జీనియాలో జేకబ్ అన్నారు. తర్వాత కొనుక్కున్న నౌకాదళ అధికారి పాస్కల్, గుస్టావస్ వాసా అన్నాడు. స్వీడన్‌కు స్వేచ్ఛ తెచ్చిన రాజు పేరది! కుర్రాడు ఆ పేరుకు పలకనన్నాడు. పలికేదాకా కొట్టారు.

అప్పుడే ఆయన జీవితంలోకి పుస్తకం వచ్చింది. యజమాని పుస్తకం చదువుతుంటే, అది ఆయనతో మాట్లాడుతోందనుకున్నాడు. ఎవరూ లేనప్పుడు తానూ ఒక పుస్తకం తీసుకుని దానితో మాట్లాడి, జవాబు కోసం చెవికి ఆనించుకున్నాడు. అది పలకలేదు. చాలా దిగులుపడ్డాడు. ఈ ఘట్టాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పాస్కల్ కింద ఏళ్ల పాటు యుద్ధ ఓడల్లో పనిచేశాక, విడుదల దొరుకుతుందని ఆశపడిన సమయంలో అతన్ని మళ్లీ అమ్మేశారు. 1763లో వెస్టిండీస్‌లోని మాంట్సెరాట్ దీవిలో రాబర్ట్ కింగ్ అనే క్వేకర్ వ్యాపారి కొన్నాడు. ఇక్కడి నుంచి పుస్తకం దాదాపు ఒక చిన్న వ్యాపారి లెక్కల చిట్టాలా నడుస్తుంది. చేతిలో మూడు పెన్నీలు. వాటితో డచ్చివాళ్ల దీవి సెయింట్ యుస్టేషియస్‌లో ఒక గాజు గ్లాసు కొన్నాడు. మాంట్సెరాట్‌లో ఆరు పెన్నీలకు అమ్మాడు. మరుసటి ప్రయాణంలో రెండు గ్లాసులు, ఆ తర్వాత నాలుగు. వారపు సంతలో అంగడి పెట్టిన వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు.

కొత్తగా ఉండేది దాని పక్కనే ఉన్న దోపిడీ. సాంతాక్రూజ్ దీవిలో అతనూ ఇంకో ముసలి నల్లమనిషీ నిమ్మ, నారింజ పళ్ల సంచులతో దిగారు. రెండు సంచులు ఇతనివి, ఒకటి ముసలాయనది. తెల్లవాళ్లు మూడూ లాక్కున్నారు. కోటలోని అధికారికి మొరపెట్టుకుంటే కొరడా చూపించి తరిమాడు. బతిమాలగా బతిమాలగా రెండు సంచులు తిరిగిచ్చారు, ముసలాయన సంచి మాత్రం పోయింది. ఆయన ఏడుపు చూడలేక ఇతను తన పళ్లలో సుమారు మూడోవంతు ఇచ్చాడు. తెల్లవాడి మీద నల్లవాడి సాక్ష్యం కోర్టులో చెల్లదు గనక, సంచి నిండా పళ్లున్నా అవి తనవని చెప్పుకునే దారి లేదు.

అలా కూడబెట్టిన డబ్బుతో 1766 జులైలో 40 పౌండ్లకు తనను తాను కొనుక్కున్నాడు. డబ్బు తెచ్చి ముందు పెడితే కింగ్ వెనకాడాడు. ఇంత త్వరగా తెస్తాడని తెలిస్తే మాట ఇచ్చేవాణ్ణి కాదన్నాడు. ఈ మనిషి ఏడాదికి వంద పౌండ్లకు పైగా నీకు సంపాదించిపెట్టాడు గదా అని ఓడ కెప్టెన్ గుర్తుచేస్తే గానీ ఒప్పుకోలేదు. కింగ్ మంచి యజమాని అని ఎక్వియానో పదేపదే రాస్తాడు. ఆ మంచితనం లెక్క ఎంతో ఈ ఒక్క సంభాషణలో తేలిపోతుంది. అదే కింగ్ పనిలో ఉండగా బానిసలను రవాణా చేసే ఓడల్లో తాను తిరిగాననీ, ఆడవాళ్ల మీద జరిగే ఘోరాలు చూస్తూ ఏమీ చేయలేకపోయాననీ కూడా ఆయన దాచలేదు.

ఇక పండితుల వాదం ఒకటుంది. 1759లో లండన్‌లో జరిగిన ఇతని బాప్టిజం నమోదులో పుట్టిన చోటు కరోలినా అని ఉంది. ఒక నౌకాదళ పట్టీలోనూ అలాగే ఉంది. వీటిని విన్సెంట్ కరెట్టా అనే పరిశోధకుడు బయటపెట్టాక, ఆఫ్రికా బాల్యం భాగం నిజమేనా అని చర్చ లేచింది. కాగితంలో ఉంది గనక ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. ఆ రోజు ఆ కుర్రాడి నోటి మాటను ఎవరు, ఎలా రాసుకున్నారో ఆ కాగితం చెప్పదు. మన పెద్దల పుట్టిన తేదీలు బడి రిజిస్టర్లలో ఎలా పడ్డాయో మనకు తెలుసు. అలాగని మనకు ఇష్టమైన మనిషి గనక ఆ కాగితాన్ని దాచిపెట్టడమూ సరికాదు. రెండూ పిల్లల ముందు పెట్టాలి. ఏది తేలినా వర్జీనియా వంటిల్లు, సాంతాక్రూజ్ సంచులు చెదరవు.

నాకు అంతకన్నా పెద్ద చిక్కు మరోచోట వచ్చింది. 1776లో, విడుదలై పదేళ్లయ్యాక, డాక్టర్ ఇర్వింగ్ అనే దొర వెంట ఎక్వియానో మధ్య అమెరికాలోని మస్కీటో తీరానికి వెళ్లాడు. అది మిస్కిటో ఆదివాసుల నేల. అక్కడ తోట వేయడానికి జమైకాలో ఒక బానిసల ఓడ ఎక్కి మనుషులను ఎంచుకున్నారు. ఎంచింది ఎక్వియానోనే. అందరూ తన దేశపువాళ్లే అయ్యేలా చూసుకున్నానని రాశాడు. ఆ వాక్యంలో సిగ్గు కనిపించదు.

దారిలో ఓడ మీద మిస్కిటో రాజు కొడుకు ఒకడున్నాడు. అతనికి ఎక్వియానో అక్షరాలు నేర్పాడు, బైబిలు బోధించాడు. తోటివాళ్లు ఎగతాళి చేయడంతో కుర్రాడు చదువు మానేశాడు. తీరం చేరాక ఒకరోజు ఒక మిస్కిటో పెద్ద తన మనుషులతో వచ్చి, తాగి, గొడవకు దిగాడు. అతన్ని చెట్టుకు కట్టి కొరడాతో కొట్టించాలన్నంత కోపం వచ్చిందని ఎక్వియానో రాశాడు. కొరడా ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు! అంత మంది బలం లేక ఇంకో ఉపాయం చేశాడు. కొలంబస్ ఆకాశంలో జరిగేవి చెప్పి అక్కడివాళ్లను బెదిరించిన సంగతి ఎప్పుడో చదివాడు. అదే పద్ధతిలో ఆకాశం చూపించి, బైబిలు చూపించి, గొడవ మానకపోతే ఈ పుస్తకం చదివి దేవుడికి చెప్పి మిమ్మల్ని చంపిస్తానన్నాడు. వాళ్లు అణిగారు. తర్వాత రమ్ము పోసి పంపించాడు.

పుస్తకాన్ని చెవికి ఆనించుకున్న పిల్లవాడు ఇతనే. పటాన్ని చూసి హడలిన పిల్లవాడూ ఇతనే. పుస్తకం రానివాడికి పుస్తకం ఎంత భయమో తెలిసిన మనిషి గనకే ఆ భయాన్ని అంత నేర్పుగా వాడగలిగాడు. ఈ ఘట్టాన్ని ఆయన తన తెలివికి ఉదాహరణగా చెప్పుకున్నాడు. ఆత్మకథగా ఈ పుస్తకం ఓడిపోయిన చోటు ఇదే అని నా అభిప్రాయం. కొన్ని నెలలకు ఆయన అక్కడి నుంచి వెళ్లిపోయాడు. తన చోట వచ్చిన తెల్ల మేస్త్రీ దెబ్బలు భరించలేక, తాను ఎంచి తెచ్చిన ఆ మనుషులందరూ పడవెక్కి పారిపోబోయి మునిగి చనిపోయారని ఆయనే రాశాడు. తప్పంతా మేస్త్రీది. వాళ్లను ఆ తీరానికి తెచ్చిన చేయి గురించి ఒక్క మాట లేదు. మునిగిన ఒక్కరి పేరూ లేదు.

ఆ కాలంలో అంతకన్నా ఏం చేయగలడు అని కొందరు అంటారు. అందులో నిజం ఉంది. 1788లో రాణికి అర్జీ పెట్టుకున్న మనిషి, ఊరూరా తిరిగి తన పుస్తకం అమ్ముకుంటూ బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా మాట్లాడిన మనిషి. 1797లో చనిపోయాడు. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది 1807లో. ఆ నిషేధం వెనక ఈ పుస్తకం శ్రమ ఉంది. అయినా మస్కీటో తీరం పేజీలను వదిలేసి ఆయన్ను పొగిడితే, ఆ మునిగినవాళ్లను మనం రెండోసారి ముంచినట్టవుతుంది.

ఇంత కఠినంగా ఎందుకు అంటున్నానంటే, ఆ బైబిలు పట్టుకున్న చేతిలో నా చేయి కనిపించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడు ప్రశ్నకు కోయలో జవాబు చెప్పాడు. జవాబు సరైనదే. నేను పాఠ్యపుస్తకం పైకెత్తి చూపించి, "ఇందులో ఉన్నట్టు చెప్పు" అని గద్దించాను. నేను కోయవాణ్ణే. ఆ పిల్లవాడు చాలా రోజులు క్లాసులో నోరు తెరవలేదు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు నా మనవి. ఈ పుస్తకంలోంచి పిల్లలకు చెప్పేటప్పుడు వంటింటి ఘట్టం, గాజు గ్లాసు, పళ్ల సంచులతో ఆగిపోకండి. మస్కీటో తీరం కూడా చెప్పండి. చెప్పి, ఆ మిస్కిటో పెద్ద తన కథ రాసుకుని ఉంటే ఈ రోజు గురించి ఏం రాసేవాడు అని అడగండి. జవాబు పిల్లలు తమ భాషలో చెబితే, ఆ భాషలోనే నల్లబల్ల మీద రాయండి.