తిప్పకూడని పైపు

విశాఖలోని సింహాచలం, గోపాలపట్నం, పెందుర్తి, గాజువాకల నుంచి గల్ఫ్ రిఫైనరీల షట్‌డౌన్ (ప్లాంటు ఆపి చేసే మరమ్మతు) పనులకి వెళ్లే వెల్డర్ ఫైల్లో కాగితాలు చాలానే ఉంటాయి. పాస్‌పోర్టు, మెడికల్ రిపోర్టు, పోలీసు క్లియరెన్సు, అనుభవ పత్రాలు. అన్నీ ఇంకొకరు రాసి ముద్ర వేసిచ్చినవే. వీసాకి దరఖాస్తు పెట్టేది కూడా అక్కడి కంపెనీయే. ఆ వెల్డర్ తన చేత్తో పెట్టుకునే అసలు దరఖాస్తు ట్రేడ్ టెస్టులో అతికిన పైపు ముక్క. నా దృష్టిలో విశాఖ పనితనాన్ని చూడాలంటే దాన్ని చూడాలి.

ఆరంగుళాల పైపు ముక్కలు రెండింటికి అంచులు ఏటవాలుగా చెక్కి, మధ్యలో ఇంచుమించు 3 మిల్లీమీటర్ల సందు ఉంచి, 45 డిగ్రీల వాలులో స్టాండుకి బిగిస్తారు. దీన్నే సిక్స్ జీ అంటారు. పైపుని తిప్పకూడదు, మనిషే చుట్టూ తిరగాలి. అడుగున తల పైకెత్తి మొదలుపెట్టి, పక్కల నిలువుగా ఎక్కి, పైన వంగి ముగించాలి. కరిగిన లోహం అడుగడుగునా కిందికి జారబోతుంటుంది.

మొదటి పొర రూట్. ఆర్గాన్ టార్చి వేడికి రెండంచులూ కరిగి చిన్న కన్నం పడుతుంది, వెల్డర్లు కీహోల్ అనేది దాన్నే. అది పెద్దదైతే లోహం లోపలికి కారిపోతుంది, మూసుకుపోతే లోపలి అంచు అతకదు. కుడిచేయి టార్చి కప్పుని అంచుల మీద ఆనించి అటూ ఇటూ దొర్లిస్తుంటే, ఎడమచేతి వేళ్లు 2.4 మిల్లీమీటర్ల ఫిల్లర్ కడ్డీని కొద్దికొద్దిగా అందిస్తుంటాయి. పైపు లోపల అతుకు ఎలా వస్తోందో అతనికి కనిపించదు. బయటి కన్నాన్ని చూసి లోపలి సంగతి పోల్చుకోవాలి. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఈ చూపే.

ఆపైన హాట్ పాస్, ఫిల్లింగ్. ఈ పొరలకి వాడే 7018 వెల్డింగ్ రాడ్డుకి చెమ్మ తగిలితే అతుకులో హైడ్రోజన్ చేరి పగుళ్లొస్తాయి, అందుకే ఓవెన్‌లో కాల్చిన రాడ్డుని వేడి డబ్బాలో పక్కనే ఉంచుకుంటారు. ప్రతి పొర మీదా గట్టిపడ్డ తెట్టుని (స్లాగ్) రాలగొట్టి, వైరు బ్రష్షుతో తోమాకే మరో పొర. రాడ్డు అయిపోయి కొత్తది అందుకునే చోటే లోపాలు దాక్కుంటాయి. మంచి పనివాడు ఆ చోటుని గ్రైండర్‌తో పల్చబరిచి మళ్లీ ఎత్తుకుంటాడు, ఒక పొర ఆపిన దగ్గర పై పొరని ఆపడు. చివరి క్యాపింగ్ పొరలో అలలు ఒకే ఎడంలో సాగుతాయి. అంచు కోసుకుపోయిన అండర్‌కట్ వేలికి తగలదు.

ఆ తర్వాత ఎక్స్‌రే తీస్తారు, లేదా అతుకులోంచి పట్టీలు కోసి యూ ఆకారంలో వంచుతారు. వంచిన పట్టీలో 3 మిల్లీమీటర్లకి మించి చీలిక తెరుచుకుంటే ఫెయిల్.

ఈ చేతులకి ఊరే బడి. హిందుస్థాన్ షిప్‌యార్డు, 1957 నాటి రిఫైనరీ, 1966లో వచ్చిన బీహెచ్‌పీవీ (భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్), ఆపైన స్టీల్ ప్లాంటు, కంచరపాలెం ఐటీఐ ఎన్నో తరాలకి టార్చి పట్టించాయి. సింహాచలం అప్పన్న గుడి రాతి స్తంభాల ముందు ఆగి శిల్పిని మెచ్చుకుంటాం. ఈ చేతులు వేసే అతుకు మాత్రం ఎక్కడో ఎడారిలో ఇన్సులేషన్ కింద మరుగునపడుతుంది, మెచ్చుకునే కన్ను ఇన్‌స్పెక్టర్‌ది ఒక్కటే.

ఇంత పనితనం ఉన్నవాడు కాగితాల దగ్గర మోసపోకూడదు. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టుకి సాధారణంగా ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) వర్తిస్తుంది. ఆ పాస్‌పోర్టుతో 18 దేశాలకి పనికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద ఈమైగ్రేట్ పోర్టల్‌లో అనుమతి, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండాలి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, జీఎస్టీ అదనం. విజిట్ వీసా మీద పనికి రమ్మంటే ఒప్పుకోకూడదు.

షట్‌డౌన్ ముగిశాక మరో జాగ్రత్త ఉంది. ఒక ప్రాసెస్‌తో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే దానిలో అర్హత చెల్లిపోతుంది. అందుకని ఏ తేదీ దాకా ఏ ప్రాసెస్‌తో పనిచేశాడో అక్కడి కంపెనీతో రాయించుకుని మరీ విమానం ఎక్కాలి.