కార్ నికోబార్‌లో రెండు ఒప్పుకోళ్లు

దేవుని ఎదుట దాగి ఉండగల పాపమంటూ లేదనీ, మనిషి తన తప్పును తానే విప్పి చెప్పుకుంటే క్షమాపణ దొరుకుతుందనీ, దాచుకుంటే అంత్య తీర్పు నాడు, అంటే క్రీస్తు సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి తిరిగి వచ్చే రోజున, అది బట్టబయలవుతుందనీ క్రైస్తవం బోధిస్తుంది. యెహోషువ గ్రంథంలో షినారు పైవస్త్రాన్నీ, వెండినీ, బంగారు కమ్మినీ గుడారంలో పాతిపెట్టిన ఆకాను పట్టుబడ్డాకే ఒప్పుకొని రాళ్లదెబ్బలకు చనిపోయాడు. ఊరియాను చంపించిన దావీదు కూడా నాతాను ప్రవక్త నిలదీశాకే నోరు విప్పాడు. క్షమాపణ పొందినా బిడ్డను మాత్రం పోగొట్టుకున్నాడు. క్షమాపణ దొరికినంత మాత్రాన చేసిన పని ఫలితం చెరిగిపోదని ఈ రెండో కథ చెబుతుంది.

ఈ ఒప్పుకోలుకు కథోలిక సంఘం కట్టుదిట్టమైన పద్ధతిని ఏర్పరచింది. విశ్వాసి ఏడాదికొకసారైనా గురువు వద్ద పాపాలు చెప్పుకోవాలని 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ విధించగా, ఆ సంస్కారంలోని అంగాలను 1551లో ట్రెంట్ మహాసభ నిర్వచించింది. తెలుగు కథోలికులు పాపసంకీర్తనం అని పిలిచే ఈ సంస్కారంలో ముందు ఆత్మపరిశీలన, తరువాత పశ్చాత్తాపం, ఆపైన చావైన పాపాలను, అంటే దైవకృపను పూర్తిగా పోగొట్టే ఘోర పాపాలను, ఏవో ఎన్నిమార్లో దాచకుండా గురువుకు చెప్పడం ఉంటాయి. గురువు ప్రాయశ్చిత్తం విధించి పాపవిమోచనం పలుకుతాడు. దొంగిలించిన సొమ్మైతే సొంతదారుకు తిరిగి చేరాలి. విన్నది ఎవరికీ చెప్పకూడదన్న నియమం గురువుకు ఎంత కఠినమైనదంటే, దాన్ని నేరుగా ఉల్లంఘించినవాడికి వెలివేతే శిక్ష. ఆంగ్లికన్ సంప్రదాయం మాత్రం 1662 నాటి ప్రార్థన పుస్తకం ప్రకారం సంఘమంతా కలిసి మోకరించి సామాన్య పాపపు ఒప్పుకోలు చెప్పడాన్ని ప్రధానం చేసి, అప్పటికీ మనసు కుదుటపడనివారిని ఏకాంతంగా బోధకుడి వద్దకు రమ్మంటుంది. అందరి గొంతులో గొంతు కలిపితే సొంత తప్పు పేరెత్తకుండా తప్పించుకోవడం తేలికే కనుక, ఆ ఏకాంత ద్వారమే ఈ పద్ధతికి ప్రాణమనాలి.

నికోబార్ దీవుల్లో ఒకటైన కార్ నికోబార్‌కు చేరింది ఈ ఆంగ్లికన్ సంప్రదాయమే. పందొమ్మిదో శతాబ్దం చివర ముస్ గ్రామంలో వేదప్పన్ సాలమన్ అనే తమిళ ఉపదేశి నడిపిన బడిలో చదివిన నికోబారీ బాలుడు జాన్ రిచర్డ్‌సన్ తరువాత బైబిలును తన భాషలోకి తెచ్చాడు, 1950లో బిషప్ అయ్యాడు, 1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యాడు. అంతకుముందు, 1942 నుంచి 1945 వరకు, ఆ దీవి జపాన్ సైన్యం చేతిలో ఉంది. 1945లో మిత్రరాజ్యాల దాడులు జరిగాక, దీవివాసులు శత్రువుకు సంకేతాలు ఇచ్చారన్న అనుమానంతో సైనికులు వారిని చిత్రహింసలు పెట్టి ఒప్పుకోళ్లు రాబట్టి, చాలామందిని చంపారు. రిచర్డ్‌సన్ కూడా వారి చెరలో పడి బతికి బయటపడ్డాడు. 1946లో సింగపూర్‌లో జరిగిన యుద్ధనేర విచారణలో ఆ సైన్యపు అధికారులే దోషులుగా నిలిచారు.

దేవుని ఎదుట మనసారా చేసే ఒప్పుకోలునూ, చిత్రహింసతో రాబట్టిన ఒప్పుకోలునూ ఒకే పేరుతో పిలవడం అన్యాయం. హింసకు లొంగినవాడు చేయని తప్పును కూడా ఒప్పుకొంటాడు. పశ్చాత్తాపం లేని మాటకు సంస్కారంలో చోటు లేదు. నరకం పేరుతో జనాన్ని హడలగొట్టి, వేదిక మీదికి లాగి అందరి ముందూ తప్పులు చెప్పించే కొందరు ప్రసంగీకులు, ఆ దీవుల్లోనైనా తెలుగునాటైనా, పాపసంకీర్తనం కంటే పోలీసు ఠాణాకే దగ్గరగా ఉన్నారు.

2004 డిసెంబరు 26, క్రిస్మస్ మరునాటి ఆదివారం, సునామీ ఈ దీవుల్లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. నికోబార్ తీరగ్రామాలు, వాటితో పాటు చర్చిలు కొట్టుకుపోయాయి. అటువంటి విపత్తు దాచిన పాపానికి దైవం వేసిన శిక్ష అనేవారికి లూకా సువార్త పదమూడో అధ్యాయం సూటిగా జవాబిస్తుంది: సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వారు మిగతావారికంటే పెద్ద పాపులు కారని యేసు తేల్చి చెప్పి, మారుమనస్సు పొందమని బతికి ఉన్నవారినే హెచ్చరించాడు. కాబట్టి సునామీ మృతులను తీర్పు పొందినవారిగా చిత్రించే ప్రసంగం సువార్తకు విరుద్ధం.