ఆత్మరక్షణ వాదం – దాచిన తుపాకీ: జాన్ లాట్ గ్రంథం, తదనంతర చర్చపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు పాఠకుడికి ‘ఆత్మరక్షణ’ అనే మాట చట్ట గ్రంథాల కన్నా వార్తాపత్రికల ద్వారానే ఎక్కువ పరిచయం. ‘ఆత్మరక్షణ కోసం పోలీసులు కాల్పులు జరపవలసి వచ్చింది’ అనే వాక్యం దశాబ్దాలపాటు ఎన్‌కౌంటర్ వార్తలలో తప్పనిసరిగా కనిపిస్తూ వచ్చింది. ఆ వాక్యానికి ఒక లక్షణం ఉంది. దాన్ని చెప్పేది ఎప్పుడూ బతికి ఉన్న పక్షమే. 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చెందిన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆత్మరక్షణ అనేది విచారణలో రుజువు కావలసిన వాదనే తప్ప చెప్పినంత మాత్రాన సిద్ధించే వాస్తవం కాదని తీర్పునిచ్చింది. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. అయినప్పటికీ జరిగిన ఘటన వేరు, దానికి పెట్టిన పేరు వేరు అన్న ఆ విభజన, ఆత్మరక్షణ పేరుతో సాగే ఏ చర్చలోనైనా ఉపయోగపడుతుంది.

అమెరికాలో సాధారణ పౌరులు బట్టల మాటున తుపాకీ దాచుకొని తిరగవచ్చునా అన్న చర్చ అలాంటిదే. అక్కడ దీన్ని ‘కన్సీల్డ్ క్యారీ’ అంటారు. ఈ చర్చకు శాస్త్రీయ ప్రతిపత్తి కల్పించిన గ్రంథం అర్థశాస్త్రవేత్త జాన్ లాట్ రచించిన ‘మోర్ గన్స్, లెస్ క్రైమ్’. ఆ గ్రంథంలోని వాదన నిర్మాణాన్ని, అది ఆధారపడిన సాక్ష్యం స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లాట్ వాదన – దాని బలం, బలహీనత

లాట్, డేవిడ్ మస్టర్డ్ కలిసి 1997లో ఒక పరిశోధన పత్రాన్ని వెలువరించారు. మరుసటి సంవత్సరం చికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం లాట్ గ్రంథాన్ని ప్రచురించింది. 1977 నుంచి 1992 వరకు అమెరికాలోని మూడు వేలకు పైగా కౌంటీల నేర గణాంకాలు దీనికి ఆధారం. అర్హత నిబంధనలు తీర్చిన ప్రతి దరఖాస్తుదారుకూ లైసెన్సు ఇచ్చి తీరాలన్న చట్టాలు చేసిన రాష్ట్రాలలో హింసాత్మక నేరాలు తగ్గాయని లాట్ ప్రతిపాదించారు. అలాంటి చట్టం లేని రాష్ట్రాలు 1992లో దాన్ని ఆమోదించి ఉంటే ఏడాదికి సుమారు 1,570 హత్యలు, 4,177 అత్యాచారాలు తప్పేవని లెక్కగట్టారు.

వాదనలోని తర్కం సరళమైనది. నేరస్తుడు కూడా లాభనష్టాలు బేరీజు వేసుకొనే వ్యక్తే. ఎదుటివారి దగ్గర తుపాకీ ఉందో లేదో తెలియనప్పుడు అతడు వెనుకాడతాడు. ఇక్కడ కీలకం తుపాకీ కన్నా దాపరికం. తుపాకీ బయటికి కనిపిస్తే నేరస్తుడు నిరాయుధుడిని ఎంచుకుంటాడు. కనిపించకపోతే నిరాయుధుడికి కూడా సాయుధుడి నీడలో రక్షణ దొరుకుతుంది. నూరుమందిలో అయిదుగురు తుపాకీ పెట్టుకుంటే మిగిలిన తొంభై అయిదుగురికీ ఉచితంగా ఫలితం అందుతుందన్నమాట. ఇంత ఆకర్షణీయమైన ప్రతిపాదనను తేలికగా తోసిపుచ్చడం విమర్శ అనిపించుకోదు. పైగా లాట్ తన దత్తాంశాన్ని ఇతర పరిశోధకులకు అందుబాటులో ఉంచారు. ఆయనను ఖండించినవారిలో చాలామంది ఆయన ఇచ్చిన అంకెలతోనే ఖండించారు. సామాజిక శాస్త్ర పరిశోధనలో ఇది చిన్న విషయం కాదు.

ఖండన అక్కడి నుంచే మొదలైంది. డాన్ బ్లాక్, డేనియల్ నాగిన్ 1998లో ఒక సామాన్యమైన పరీక్ష చేశారు. ఫ్లోరిడా రాష్ట్రాన్ని లెక్కలోంచి తీసివేస్తే హత్యలపై, అత్యాచారాలపై ఆ చట్టాల ప్రభావమేదీ కనిపించలేదు. ఒక్క రాష్ట్రం మీద నిలబడిన నియమాన్ని దేశమంతటికీ నియమం అనవచ్చునా? ఇయాన్ ఐర్స్, జాన్ డొనహ్యూ 2003లో మరో లోపాన్ని విశదీకరించారు. 1980ల చివర క్రాక్ కొకైన్ వ్యాపారం పెద్ద నగరాలున్న రాష్ట్రాలను కుదిపివేసింది. ఆ రాష్ట్రాలలో చాలావరకు ఇలాంటి చట్టాలు చేయనివే. అక్కడ మాదకద్రవ్యాల వల్ల నేరం పెరిగితే, చట్టం చేసిన రాష్ట్రాలలో తుపాకీ వల్ల నేరం తగ్గినట్టు పోలికలో కనిపించింది. వర్షం పడని పొలాన్ని పక్కన పెట్టి ఎరువు గొప్పతనాన్ని కొలిచినట్టయింది.

2004లో అమెరికా జాతీయ పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం, ఈ చట్టాలు నేరాన్ని తగ్గించాయనడానికీ పెంచాయనడానికీ నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. సభ్యులలో ఒకరైన జేమ్స్ క్యూ. విల్సన్ హత్యల విషయంలో భిన్నాభిప్రాయం నమోదు చేశారు. 2019లో డొనహ్యూ బృందం కొత్త గణాంక పద్ధతితో, చట్టం వచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరం అది లేకుంటే ఉండే స్థాయి కన్నా 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉందని నిర్ధారించింది. కార్లలోంచి, సంచులలోంచి తుపాకులు దొంగల చేతికి చేరడం, పోలీసుల సమయం, శ్రద్ధ అటు మళ్లడం వంటివి అందుకు కారణాలుగా చర్చకు వచ్చాయి. లాట్ మాత్రం తన గ్రంథం తర్వాతి ముద్రణలలోనూ మూల ప్రతిపాదనకే కట్టుబడ్డారు.

అంకెల వివాదం కన్నా ముఖ్యమైనది, గ్రంథం అడగని ప్రశ్న. నేరస్తుడు లాభనష్టాలు లెక్కవేసుకొనే వ్యక్తి అయితే ఆ లెక్కకు రెండో అడుగు కూడా ఉంటుంది. ఎదుటివారి దగ్గర తుపాకీ ఉండవచ్చునని అనుమానించిన దొంగ దొంగతనం మానుకోవచ్చు. లేదా తానూ తుపాకీతో వచ్చి, ముందుగా కాల్చవచ్చు. మొదటి అవకాశాన్ని సిద్ధాంతంగా స్వీకరించి రెండోదాన్ని వదిలివేయడం అర్థశాస్త్ర తర్కానికే వెలితి.

సాక్ష్యం ఎవరిది?

లాట్‌కు ముందే మరో అంకె ప్రచారంలో ఉంది. గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ 1995లో ప్రచురించిన సర్వే ప్రకారం అమెరికన్లు ఏటా 25 లక్షలసార్లు ఆత్మరక్షణకు తుపాకీ వాడుతున్నారు. సుమారు ఐదు వేలమందిని టెలిఫోనులో ప్రశ్నించి, గత ఏడాదిలో వాడామన్న ఒకటిన్నర శాతం లోపు జవాబులను దేశ జనాభాకు హెచ్చించగా వచ్చిన సంఖ్య ఇది. డేవిడ్ హెమెన్‌వే దీనిపై చేసిన విమర్శ గణిత పరమైనది. అరుదైన ఘటనను కొలిచేటప్పుడు ‘అవును’ అని పొరపాటుగా చెప్పగలవారు దాదాపు నూరుమందీ ఉంటారు. ‘కాదు’ అని పొరపడగలవారు ఒకరో ఇద్దరో ఉంటారు. కాబట్టి నూటికి ఒక్కరు గొప్పకోసమో, ఏళ్ల కిందటి సంగతిని నిన్నమొన్నటిదిగా తలచో అవునన్నా ఫలితం అనేక రెట్లు ఉబ్బుతుంది. అదే కాలంలో ప్రభుత్వ జాతీయ నేర బాధితుల సర్వే ఇచ్చిన అంచనాలు లక్షకు అటూ ఇటూగానే ఉన్నాయి. ఆ సర్వే నేరానికి గురయ్యామని ముందుగా చెప్పినవారినే ఈ ప్రశ్న అడుగుతుంది గనుక కొంత తక్కువ అంచనా వేసి ఉండవచ్చు. అయినా 25 లక్షలకూ లక్షకూ మధ్య అగాధం దానితో పూడదు.

హెమెన్‌వే సహచరులతో కలిసి 2000లో ప్రచురించిన మరో అధ్యయనం ఇంకా లోతైనది. ఆత్మరక్షణకు తుపాకీ వాడామని సర్వేలలో చెప్పినవారి కథనాలను ఐదుగురు క్రిమినల్ కోర్టు న్యాయమూర్తులకు పంపారు. చెప్పినది నిజమేననుకొని, వారికి తుపాకీ లైసెన్సు ఉందనే అనుకొని చదవమన్నారు. అలా చదివినా సగానికి పైగా ఘటనలను అత్యధిక న్యాయమూర్తులు బహుశా చట్టవిరుద్ధమైనవేనని భావించారు. చెప్పినవారు అబద్ధమాడలేదు. మాటామాటా పెరిగి తుపాకీ చూపించి, దాన్నే రక్షణ అని మనస్ఫూర్తిగా నమ్మారు. వారి తుపాకీకి ఎదురుగా నిలబడిన మనిషిని సర్వే అడిగి ఉంటే అదే ఘటన బెదిరింపు ఖాతాలో చేరేది. ఎన్‌కౌంటర్ ప్రకటన విషయంలో హైకోర్టు చూపిన విభజన ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

లాట్ సైతం ఇలాంటి చిక్కులోనే పడ్డారు. ఆత్మరక్షణ సందర్భాలలో 98 శాతం తుపాకీ చూపడంతోనే ముగుస్తాయన్న అంకెకు తన సొంత సర్వేను ఆధారంగా చూపి, ఆ దత్తాంశం కంప్యూటరు చెడిపోయి నశించిందని చెప్పారు. ఇంటర్నెట్ చర్చలలో మేరీ రోష్ అనే మారుపేరుతో తనను తాను సమర్థించుకున్నట్టు 2003లో అంగీకరించారు. ఇది ఆయన కౌంటీ గణాంకాలను అబద్ధం చేయదు. ఖండించవలసింది గ్రంథాన్నే గాని వ్యక్తిని కాదు. అయితే పరీక్షకు నిలవగల సాక్ష్యానికీ, చెప్పినవారి మాట మీదే ఆధారపడిన సాక్ష్యానికీ గల తేడాను ఈ ఉదంతం ఆయన రచనలోనే చూపుతోంది.

2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్ పట్టణంలో, దాచిన తుపాకీకి లైసెన్సు ఉన్న వ్యక్తి పదిహేడేళ్ల నిరాయుధ నల్లజాతి బాలుడిని కాల్చి చంపాడు. ఆత్మరక్షణ వాదన విన్న జ్యూరీ 2013లో అతడిని నిర్దోషిగా ప్రకటించింది. జ్యూరీ నిర్ణయం ఎలా ఉన్నా, సర్వేలలో ఆత్మరక్షణ అనే గడి ఎలా నిండుతుందో గ్రహించడానికి ఈ ఘటన చాలు. రెండో పక్షం కథనం లేదు.

దాపరికానికి గల చరిత్ర

2022 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో 6–3 ఆధిక్యంతో, బహిరంగ స్థలాలలో చేతి తుపాకీ ధరించడం 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ రక్షించే హక్కేనని ప్రకటించింది. ప్రత్యేక కారణం చూపితేనే లైసెన్సు ఇవ్వాలన్న న్యూయార్క్ నిబంధన చెల్లలేదు. న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ రాసిన ఈ తీర్పు, తుపాకీ నియంత్రణలను నేర గణాంకాలతో కాక దేశ చారిత్రక సంప్రదాయంతోనే సరిపోల్చాలన్నది. దీనితో లాట్ గణాంకాలూ, డొనహ్యూ గణాంకాలూ రెండూ కోర్టు గుమ్మం బయటే ఆగిపోయాయి. ఇరవై అయిదేళ్ల విద్యా వివాదానికి ఇంతకన్నా విచిత్రమైన ముగింపు ఊహించడం కష్టం.

సంప్రదాయాన్నే ప్రమాణంగా తీసుకున్నా చిక్కు తీరదు. కెంటకీ, లూసియానా రాష్ట్రాలు 1813లోనే ఆయుధాన్ని దాచి ధరించడాన్ని నిషేధించాయి. 1850లో లూసియానా ఉన్నత న్యాయస్థానం బాహాటంగా ధరించిన ఆయుధం పౌరుషానికీ, దాచిన ఆయుధం దొంగచాటు హత్యకూ చిహ్నమన్న భావంతో ఆ నిషేధాన్ని సమర్థించింది. నాటి దృష్టిలో పెద్దమనిషి లక్షణం దాచకపోవడం. లాట్ సిద్ధాంతానికి ప్రాణమైన దాపరికమే నాటి చట్టానికి అనుమానాస్పదం. బ్రూయెన్ తీర్పు ఈ నిషేధాలను, బాహాటంగా ధరించే వీలు మిగిల్చినవి గనుక హక్కుకు భంగం కలిగించలేదని వ్యాఖ్యానించింది.

అధికారి విచక్షణకు లైసెన్సును వదిలివేయడం న్యాయమైన పద్ధతేనా అంటే, దానికీ చేదు చరిత్ర ఉంది. 1956లో మాంట్‌గోమరీలో తన ఇంటిపై బాంబు దాడి జరిగాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ ధారణకు అనుమతి కోరారు. నిరాకరించారు. ఆయన కన్నా మెరుగైన కారణం చూపగలవారు ఆ నగరంలో ఎందరుంటారు? బ్లాక్ పాంథర్లు తుపాకులతో వీధుల్లో తిరిగాకనే 1967లో కాలిఫోర్నియా నిండు తుపాకీని బహిరంగంగా ధరించడాన్ని నిషేధించింది. గవర్నరు రోనాల్డ్ రీగన్ దానిపై సంతకం చేశారు. నియంత్రణను కోరేవారు ఈ చరిత్రను దాటవేయడం సాధారణంగా కనిపించే లోపం. అయితే హక్కు దొరికినంత మాత్రాన అది అందరికీ ఒకేలా పనిచేస్తుందా? 2016లో మిన్నెసోటాలో లైసెన్సు ఉన్న ఒక నల్లజాతి వ్యక్తి, కారు ఆపిన పోలీసుకు తన దగ్గర తుపాకీ ఉందని ముందుగానే తెలియజేశాడు. క్షణాల్లో కాల్పులకు గురై మరణించాడు. కాల్చిన అధికారి నిర్దోషిగా బయటపడ్డాడు.

భారతీయ సందర్భం

అమెరికన్ తుపాకీ సమర్థకులు గాంధీజీని సైతం సాక్షిగా పిలుస్తుంటారు. భారతీయులను నిరాయుధులను చేసిన చట్టం బ్రిటిష్ పాలనలోని అపకారాలన్నిటిలో హీనమైనదన్న భావం ఆయన 1918లో ఖేడా ప్రాంతంలో పంచిన కరపత్రంలో ఉన్నది, ఆత్మకథలోనూ చేరింది. కానీ అది మొదటి ప్రపంచ యుద్ధానికి సైనికులను చేర్చే కరపత్రం. ఆయుధ చట్టం పోవాలంటే సైన్యంలో చేరండన్నది దాని పిలుపు. 1878 చట్టం ఆయుధాన్ని జాతి ప్రాతిపదికన నిరాకరించింది. గాంధీజీ ఆక్షేపణ ఆ అవమానం పైన. వీధిలో నడిచే ఒంటరి పౌరుడి జేబు గురించి ఆయన మాట్లాడలేదు.

అదే అవమాన స్మృతితో 1931 కరాచీ తీర్మానపు ప్రాథమిక హక్కులలో ఆయుధ ధారణ చోటు చేసుకుంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని సవరణగా ప్రతిపాదించినప్పుడు అంబేద్కర్ అంగీకరించలేదు. ఆ డిమాండు పరాయి పాలన సందర్భంలో పుట్టిందని, ఆయుధం విషయంలో హక్కు కన్నా బాధ్యతను నొక్కిచెప్పాలని, హక్కు నేరస్తులకూ వర్తించే ప్రమాదం ఉందని సమాధానమిచ్చారు. 1959 ఆయుధ చట్టం ‘తగిన కారణం’ ఉందని అధికారి సంతృప్తి చెందితేనే లైసెన్సు అంటుంది. న్యూయార్క్‌లో చెల్లని నిబంధనకు ఇది దగ్గరి బంధువే. వ్యక్తిగత రక్షణ హక్కు మాత్రం శిక్షాస్మృతిలో ఎప్పుడూ ఉంది. 2023 నాటి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు దానివే. రక్షించుకొనే హక్కు నుంచి తుపాకీ హక్కు దానంతటదే రాదన్నది భారత శాసన దృష్టి. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ రివాల్వరును విడుదల చేసినప్పుడు దాని ధర లక్షా ఇరవై వేల రూపాయలు దాటింది. రాత్రి బస్సు కోసం నిలబడే స్త్రీలలో దాన్ని కొనగలవారెందరు అన్న ప్రశ్న తయారీదారులకు తట్టినట్టు లేదు.

ఈ చర్చ తెలుగువారికి దూరమైనది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఒక బార్‌లో జాతి ద్వేషంతో జరిగిన కాల్పులలో హైదరాబాదుకు చెందిన ఇంజినీరు మరణించారు. ఆయన మిత్రుడు గాయపడ్డారు. దుండగుడిని అడ్డుకోబోయి గాయపడిన అమెరికన్ చేతిలో ఆయుధమేదీ లేదు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ, అక్కడి మనవాళ్లూ తుపాకీ పెట్టుకోవాలన్న మాట వినిపిస్తుంది. అమెరికా సమాఖ్య చట్టం విద్యార్థి వీసాపై గాని, హెచ్-1బి వీసాపై గాని ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్నే సాధారణంగా నేరంగా పరిగణిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారి వంటి కొద్దిమందికే మినహాయింపు. ‘సాధారణ పౌరుడి’ ఆత్మరక్షణ గురించి సాగే ఆ వాదనలో, వలస వచ్చి రాత్రి వేళ దుకాణం గల్లాపెట్టె దగ్గర కూర్చునే యువకుడు పౌరుడు కాడు. అతడికి ఎదురయ్యే తుపాకుల సంఖ్య మాత్రం ఆ చట్టాల వల్లనే పెరుగుతుంది.