లెక్కకు మిక్కిలి మాటలు

సూరత్‌లో 1833లో జన్మించిన నర్మదాశంకరుడు గుజరాతీ పదాలను ఏళ్ల తరబడి సేకరించి, 1873లో 'నర్మకోశం' వెలువరించాడు. మాటలెన్ని ఉన్నా దేని అర్థం దానిదేనన్నది కోశకర్త మొదట గుర్తించే ధర్మం. అనువాదకులు తరచు దీనినే విస్మరిస్తున్నారు. లెక్కకందని వాటికి ఇంగ్లీషులో ఉన్న మాటలనే చూడండి. 'మిరియడ్' మూలంలో గ్రీకుల పదివేలు. 'లీజన్' రోమనుల సేనావిభాగం. 'కౌంట్‌లెస్' ఒక్కటే కేవలం లెక్కలేనితనాన్ని చెబుతుంది. మూడింటినీ హిందీలో 'అన్‌గినత్' అనీ, తెలుగులో 'అసంఖ్యాకం' అనీ వ్రాస్తే ఆధిక్యం తెలుస్తుంది గాని రూపం కనబడదు. మనకు మాటల కొరత లేదు. జనం తండోపతండాలుగా వస్తారు. ధాన్యం కుప్పతెప్పలుగా పడుతుంది. వీటిని తారుమారు చేస్తే తెలుగు చెవి ఒప్పదు. కనుక 'మిరియడ్'కు వేనవేలు, 'లీజన్'కు దండులు దండులు అనడమే సముచితం. సంఖ్య జాడ ఒకదానిలో, సేన జాడ మరొకదానిలో నిలుస్తుంది.