పొగమంచు లోపలి కోట

ట్రేసీ హిక్‌మన్ ఒకసారి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాడు. నేలమాళిగలో మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక రక్తపిశాచి. ఆ ఆటలో అదేమంత విశేషం కాదు. కొట్టి పడేసి, దొరికిన నిధి మూటగట్టుకుని, పక్క గదిలోకి పోవడమే అలవాటు. హిక్‌మన్‌కు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. అసలు వీడు ఇక్కడేం చేస్తున్నాడు? ఎవరి బిడ్డ, ఎలా ఇలా అయ్యాడు?

ఆ ప్రశ్న వెంట పడి అతనూ, అతని భార్య లారా కలిసి అల్లిన సాహసమే ‘రేవెన్‌లాఫ్ట్’. అచ్చుకు ఇచ్చేముందు కొన్నేళ్లపాటు హాలోవీన్ వచ్చినప్పుడల్లా స్నేహితులను కూర్చోబెట్టి ఆడించారు. 1983లో టీఎస్ఆర్ సంస్థ దాన్ని 32 పేజీల పుస్తకంగా వేసింది. అదే కథను పెంచి, హిక్‌మన్ దంపతుల సలహాతో, 2016లో ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ పేరిట పెద్ద గ్రంథంగా తెచ్చారు. గోథిక్ భయానక కథను ఆటగా నడపాలనుకునే వారు ఇప్పటికీ ముందుగా తెరిచేది దాన్నే.

ఈ ఆట చూడనివారికి నాలుగు మాటలు. బల్ల చుట్టూ ఐదారుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్: ఊళ్లు, వాతావరణం, విలన్, దారినపోయే ముసలమ్మ అన్నీ తనే. మిగతావారికి తలా ఒక పాత్ర. ఎవరి పాత్ర ఏం చేస్తుందో వారే నోటితో చెబుతారు. జరుగుతుందో లేదో తెలియని చోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అదే కథ వారం వారం, నెలల తరబడి సాగితే క్యాంపెయిన్.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ పాత్రలు వీరులు. కత్తులుంటాయి, మంత్రాలుంటాయి. గదిలో దీపం వెలుగుతుంటుంది, పళ్లెంలో చిప్స్ ఉంటాయి, పక్కన స్నేహితులుంటారు. వీళ్లకు భయం ఎక్కడినుంచి తేవాలి? ఇంకా పెద్ద రాక్షసుణ్ణి దింపితే రాదు. అది పెద్ద యుద్ధం అవుతుందంతే.

హిక్‌మన్ దంపతులు కనుక్కున్న జవాబు తమ కథలోని రక్తపిశాచి స్ట్రాడ్ వాన్ జారోవిచ్ గతం. అతను బరోవియా లోయను జయించిన సేనాని. యౌవనమంతా యుద్ధాల్లో కరిగిపోయింది. తమ్ముడు సెర్గేయ్ ప్రేమించిన టట్యానా మీద మనసు పడ్డాడు. మృత్యువుతో ఒప్పందం చేసుకుని, పెళ్లిరోజునే తమ్ముణ్ణి చంపాడు. ఆమె కోట గోడ మీదినుంచి దూకేసింది. శవం దొరకలేదు. అప్పటినుంచి ఆ లోయను పొగమంచు చుట్టేసింది. స్ట్రాడ్ కూడా దాటి పోలేడు. తరం తరంలో ఆమె పోలికలతో ఒక పిల్ల పుడుతుంది, అతను వెంటాడతాడు, మళ్లీ పోగొట్టుకుంటాడు. ఇప్పటి పిల్ల పేరు ఇరీనా. ఆమెను కాపాడే పని ఆటగాళ్ల నెత్తిన పడుతుంది.

1764లో హొరేస్ వాల్పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలుపెట్టిన గోథిక్ సాహిత్యానికి గుండెకాయ ఇదే. పాత కోట, చచ్చినా చావని పాత పాపం. భయపెట్టేది కోరలు కావు, ఆ కోరల వెనకున్న మనిషి. అతణ్ణి కాస్త అర్థం చేసుకోగలుగుతున్నామే అన్న ఎరుక. అలాగని జాలి మితిమీరకూడదు. స్ట్రాడ్ తన నేరాన్ని ప్రేమ అని పిలుచుకుంటాడు. ఆ పిలుపు నిజమని ఆట నడిపేవారు నమ్మితే కథ పాడవుతుంది. ఇరీనా ఎవరి బహుమతీ కాదు. ఆమెకు సొంత మాట, సొంత నిర్ణయం ఇవ్వడం నడిపేవారి మొదటి బాధ్యత.

అందుకే అనుభవం ఉన్నవారు స్ట్రాడ్‌ను చివరి గదిలో దాచిపెట్టరు. మొదటినుంచే తిప్పుతారు. పుస్తకంలో అతను ఆటగాళ్లకు భోజనానికి రమ్మని ఉత్తరం పంపుతాడు. కూడలిలో నల్ల గుర్రపుబండి తలుపు తెరుచుకుని ఎదురుచూస్తుంది. బండివాడు ఉండడు. చంపగలిగినవాడు మర్యాదగా విందుకు పిలిస్తే, ఎక్కాలా వద్దా అని బల్ల చుట్టూ సాగే ఆ పది నిమిషాల తర్జనభర్జన ఏ యుద్ధానికీ తీసిపోదు. పాచిక అక్కర్లేదు. నడిపేవారు నోరు మెదపకుండా కూర్చుంటే చాలు.

రెండో పద్ధతి, తెలిసే వేగాన్ని తగ్గించడం. బరోవియా ఊళ్లో ఒక ముసలావిడ తోపుడుబండి మీద పిండివంటలు అమ్ముతుంది. తిన్నవారికి కమ్మని కలలొస్తాయి. జనం వాటికోసం పడిచస్తారు. ఆటగాళ్లూ కొని తింటారు. ఆమె వెనకాలే గాలిమర దాకా వెళ్లాక గాని తెలియదు, డబ్బు లేని తల్లిదండ్రులు బదులుగా పిల్లల్ని ఇస్తున్నారని, పిండిలో కలిసేది ఆ పిల్లల ఎముకల పొడి అని. ఈ నిజాన్ని మొదటి రోజే చెప్పేస్తే అసహ్యం ఒక్కటే మిగులుతుంది. మూడు వారాలు తిననిచ్చి చెబితే ఆటగాళ్లు తమ చేతుల వంక చూసుకుంటారు.

చీకటి ఒక్కటే ఉంటే కళ్లు అలవాటు పడతాయి. కాబట్టి కాసింత వెలుగు కావాలి. ఆ లోయలో మార్టికోవ్ కుటుంబం ద్రాక్షసారా తయారుచేసి పంచుతుంది. జనానికి మిగిలిన సంతోషం అదొక్కటే. వల్లాకీ పట్టణపు అధికారి తీరు వేరు. పండగలు జరిపితే శాపం పోతుందని నమ్మి వారం వారం ఉత్సవం పెట్టిస్తాడు, నవ్వనివారికి శిక్ష. నిజమైన ఊరట పక్కన ఈ బలవంతపు నవ్వు పెట్టి చూపడం ఆ పుస్తకంలో అన్నిటికన్నా గొప్ప రచన.

విధిని కూడా బల్ల మీదికి తెచ్చారు. మేడమ్ ఈవా అనే జోస్యురాలు పేకముక్కలు తీస్తుంది. 1983లో మామూలు పేకే. 2016 నాటికి 54 ముక్కల తారోకా. ఐదు ముక్కలు పడతాయి: స్ట్రాడ్ దినచర్య పుస్తకం, పవిత్ర చిహ్నం, సూర్యఖడ్గం ఎక్కడ దొరుకుతాయి, తోడు నిలిచేదెవరు, స్ట్రాడ్ ఎదురయ్యే చోటేది. కథను నిజంగా మార్చే ముక్కలవి. ముందే ఎంచి పెట్టుకోవచ్చు. అందరి ముందు కలిపి తీస్తేనే ఆ గదిలో ఊపిరి బిగబట్టే నిశ్శబ్దం వస్తుంది.

భయం పంచేవారికి బాధ్యత ఎక్కువ. పిల్లల మీద హింస, బలవంతం వంటివి కొందరికి కథ కాదు, జ్ఞాపకం. అందుకే ఆట మొదలుకాక ముందే ఒకపూట కూర్చుని, ఏది అసలు వద్దో, ఏది తెర చాటున జరగాలో మాట్లాడుకునే పద్ధతి వచ్చింది. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తున్న కార్డు పెట్టి, ఎవరు తాకినా కారణం అడక్కుండా ఆ సన్నివేశం వదిలేస్తారు. దీనివల్ల భయం పలచబడుతుందని కొందరి వాదన. అది పొరపాటు. ఆపే హక్కు ఉందని తెలిసినవారే మనస్ఫూర్తిగా భయపడతారు.

సంప్రదాయం తన తప్పులనూ దిద్దుకోవాలి. ఈవా మనుషులైన విస్తానీలను తాగుబోతులుగా, మోసగాళ్లుగా చూపడం యూరప్‌లోని రోమా ప్రజల మీద పాత నిందను మళ్లీ మోయడమేనని విమర్శ వచ్చింది. 2020లో ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ ప్రచురణకర్త విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఆ వర్ణనలను మార్చి పుస్తకాన్ని మళ్లీ వేసింది. పాత ప్రతి చేతిలో ఉన్నవారు ఆ మార్పులు చూసుకుని నడపడం మంచిది.

స్ట్రాడ్ చస్తే పొగమంచు విడిపోతుంది, బరోవియా మీద శతాబ్దాల తర్వాత ఎండ పడుతుంది. అయితే ఆ చావు శాశ్వతం కాదని, కొన్నాళ్లకు అతను తిరిగి వస్తాడని పుస్తకం చివర రాసి ఉంది. గెలిచిన రాత్రే ఆటగాళ్లకు ఆ సంగతి చెప్పకండి.